ఆరుబయట కరెంటు జాయింట్లు: తేమ, చిలుము, తుప్పు – తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "వాన పడితే చాలు, మెయిన్ పడిపోతోంది." "మోటారు ముట్టుకుంటే జివ్వుమంటోంది." "టేపు బాగానే చుట్టాం కదా, మళ్లీ ఎందుకు కాలింది?" కోస్తాలో సముద్రానికి దగ్గరగా చాలా ఏళ్లుగా ఇళ్లకూ తోటలకూ వైరింగ్ పనులు చేస్తున్నాను. ఏటా అడిగేవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

స్తంభం నుంచి మీ మీటరు దాకా ఉన్నది కరెంటు సంస్థ వాళ్ల పరిధి. అక్కడ ఏం తేడా కనిపించినా చెయ్యి పెట్టకండి, 1912కు ఫోన్ చేయండి. ఇక్కడ రాసినదంతా మీటరు ఇవతలి సంగతి.

## ముందుగా అర్థం చేసుకోవాల్సినవి

వాన చుక్క పడని చోట ఉన్న జాయింటుకు కూడా చిలుము ఎందుకు పడుతోంది?

గాలిలో ఉన్న చెమ్మే చాలు, వానతో పని లేదు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు రాగి తీగల మీద, ఇత్తడి స్క్రూల మీద కంటికి కనిపించనంత పల్చగా పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు గాలిలోని నీటిని తనే పీల్చుకుని తడుస్తుంది. కోస్తాలో రాత్రిళ్లు, తెల్లవారుజామున అంత తేమ మామూలే. అంటే వరండా కప్పు కింద భద్రంగా ఉందనుకున్న జాయింటు కూడా చాలా రాత్రులు ఉప్పునీటిలో నానుతున్నట్టే. ఇత్తడి బిందెకు పట్టే పచ్చటి చిలుమే అక్కడా పడుతుంది.

తెలంగాణలో, రాయలసీమలో ఉప్పుగాలి బెడద లేదు. అక్కడ ముందు దెబ్బ తీసేది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఎంతలే! ఎండకు టేపు జిగురు కారిపోతుంది, వైరు తొడుగు పెళుసుబారి చిట్లుతుంది. మృగశిర వానకు ఆ చీలికల్లోంచి నీరు దిగుతుంది.

చిలుము పట్టినా కరెంటు వస్తూనే ఉంది కదా, నష్టమేంటి?

చిలుము పొర కరెంటుకు అడ్డు పడుతుంది. అడ్డుపడిన చోట వేడి పుడుతుంది. వేడికి లోహం సాగి, చల్లారాక మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే జరిగితే స్క్రూ పట్టు వదులవుతుంది. వదులైన చోట నిప్పురవ్వలు, ఆ వేడికి ఇంకా చిలుము. లైటు మిణుకుమిణుకుమనడం, ప్లగ్గు దగ్గర కాలిన వాసన, స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం దీని గుర్తులు. అప్పటికే ఆలస్యమైనట్టు. వెంటనే మెయిన్ తీసేసి జాయింటు మార్చాలి.

డబ్బాను గాలి కూడా చొరకుండా సీల్ చేసేస్తే సరిపోదా?

నేనూ అలాగే అనుకునేవాణ్ని. మా మేడ మీద మోటారు స్విచ్ డబ్బాకు నాలుగు వైపులా సిలికాన్ పూసి, మూత అంచుల్లో కూడా నింపి, చీమ కూడా దూరదనుకున్నాను. వానాకాలం వెళ్లాక మూత తీస్తే అడుగున గ్లాసుడు నీళ్లు. కరెంటు తీసుకునే రెండు స్క్రూలు పచ్చగా అయిపోయి ఉన్నాయి. బయట నుంచి వాన చుక్క దిగిన ఆనవాలు ఎక్కడా లేదు.

జరిగింది ఇది. మధ్యాహ్నం ఎండకు డబ్బాలో గాలి వేడెక్కి వ్యాకోచించి, సన్నటి సందు ఎక్కడున్నా అక్కడి నుంచి బయటికి పోతుంది. సాయంత్రం చినుకు పడి డబ్బా చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుని, అదే సందులోంచి బయటి తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ తేమ చల్లటి గోడలకు చెమటలా పడుతుంది. రోజూ కొంచెం కొంచెం. వచ్చిన నీళ్లకు పోయే దారి లేదు. పూర్తిగా గాలి చొరని డబ్బా తయారు చేయడం ఇంటి పనుల్లో అయ్యేది కాదు.

అందుకే అప్పటి నుంచి ఒక్కటే పద్ధతి పాటిస్తున్నాను: పై నుంచీ పక్కల నుంచీ నీళ్లు రాకుండా చూడటం, వచ్చిన నీళ్లు అడుగు నుంచి కారిపోయేలా చూడటం. డబ్బా అడుగున అన్నిటికంటే పల్లంలో 5 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి, లోపలి వైపు పురుగులు రాకుండా సన్నటి జాలీ. లోపలి కనెక్షన్లు అడుగు నుంచి కనీసం రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి. లోపలికి గాలిని వదిలి నీటిని ఆపే బ్రీదర్ ప్లగ్గులు కూడా దొరుకుతాయి, ఖరీదైన పరికరం ఉన్న డబ్బాకు అవి పెట్టుకోవచ్చు.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది కదా?

పడదు. ఈ అపోహ ప్రాణాలు తీస్తోంది. ఎంసీబీ అంటే బోర్డులో దానంతటదే పడే చిన్న స్విచ్, దాని పని వైర్లను కాపాడటం. 16 యాంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు లాగితేనే స్పందిస్తుంది. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా తడి గోడలోకో ఒంట్లోకో దారి మళ్లిందని గుర్తించి సెకనులో చిన్న భాగంలో ఆపేస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు. ఆరుబయటికి వెళ్లే ప్రతి లైనూ ఆర్‌సీసీబీ వెనకే ఉండాలి. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, పడకపోతే మార్చేయండి.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్త్ మానేయకూడదు. ఎర్త్ ఉంటే మోటారు బాడీకి కరెంటు వచ్చిన క్షణమే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది.

## సామాను కొనేటప్పుడు

ఐపీ65, ఐపీ67 అని రాసి ఉంటాయి. ఏది తీసుకోవాలి?

దుమ్మునూ నీటినీ డబ్బా ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు ఐపీ. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. నీటి అంకెలో 4 అంటే చిందే నీళ్లు, 5 అంటే పైపుతో కొట్టే నీళ్లు, 6 అంటే ఇంకా గట్టి ధార, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట. గోడ మీద, పిట్టగోడ పక్కన పెట్టే డబ్బాలకు ఐపీ65 సరిపోతుంది. నేల మీద, నీళ్లు నిలిచే చోట ఉండే తోట లైట్ల కనెక్షన్లకు ఐపీ67 లేదా ఐపీ68 కావాలి. 67 ఉంటే 65 కూడా ఉన్నట్టే అనుకోకండి. మునిగితే తట్టుకునేది ధారకు తట్టుకోవాలని లేదు, రెండూ కావాలంటే రెండూ రాసి ఉండాలి.

దుకాణంలో చెప్పని మాట ఒకటుంది. డబ్బాకు మీరు డ్రిల్లుతో ఒక రంధ్రం చేసి వైరు దూర్చారంటే ఆ అంకె అక్కడితో చెల్లిపోయింది. వైరు మందానికి సరిపోయే గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని సందు మూసే బిరడా) బిగిస్తేనే మళ్లీ ఆ రక్షణ వస్తుంది. నీళ్లు పోవడానికి మనం పెట్టే రంధ్రం కూడా ఆ అంకెను తగ్గిస్తుంది. కానీ అది అడుగున, ధార నేరుగా తగలని చోట ఉంటుంది కాబట్టి గోడ మీది డబ్బాకు దానివల్ల మేలే ఎక్కువ.

ఇనుప డబ్బా మంచిదా, ప్లాస్టిక్‌దా?

సముద్రానికి దగ్గరలో ఇనుము వద్దు. పౌడర్ కోటింగ్ ఉన్నా స్క్రూ దగ్గర గీత పడిందంటే అక్కడి నుంచి తుప్పు ఆ కోటింగ్ కింద పాకుతుంది. ఎండను తట్టుకునే పాలీకార్బొనేట్ లేదా ఫైబర్ డబ్బా తీసుకోండి. స్క్రూలు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటిలోనూ 304 రకం సముద్రపు ఒడ్డున కొన్నాళ్లకు మచ్చలు పడుతుంది, 316 రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. లోతట్టు ఊళ్లలో మంచి గాల్వనైజ్డ్ డబ్బా ఫరవాలేదు, ఎర్త్ తప్పకుండా ఇవ్వాలి.

మామూలు నల్ల టేపు చాలదా?

ఇంట్లో చాలు, బయట చాలదు. పీవీసీ టేపు కరెంటును ఆపుతుంది కానీ నీటిని ఆపడానికి చేసింది కాదు. రెండు ఎండాకాలాలకు జిగురు కరిగి చివర ఊడి వేలాడుతుంది. ఇంకో ముప్పు ఏంటంటే పొరల మధ్య దూరిన నీరు బయటికి రాక అక్కడే ఉండిపోతుంది.

బయటికి సెల్ఫ్ అమాల్గమేటింగ్ రబ్బరు టేపు అడగండి. దానికి జిగురు ఉండదు. లాగి చుడితే పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే రబ్బరు ముద్దలా అవుతాయి. లాగకుండా చుడితే అతుక్కోదు, డబ్బులు దండగ. దాని మీద ఎండ నుంచి కాపాడటానికి పీవీసీ టేపు ఒక వరుస. ఇంకా నమ్మకం కావాలంటే లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వాడండి. వేడి తగలగానే ముడుచుకుని, లోపలి జిగురు కరిగి రెండు అంచుల్లోంచి ఉబికి వస్తుంది. అలా ఉబికితేనే సీల్ పడినట్టు.

సిలికాన్ ఏదైనా ఒకటేనా?

కాదు. పిండగానే వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది రాగిని తింటుంది. అద్దాలకూ సింకులకూ అది మంచిదే, కరెంటు డబ్బా లోపల మాత్రం వద్దు. ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. డబ్బా పై అంచుకు, రెండు పక్కలకు పూసి, కింది అంచు వదిలేయండి.

అల్యూమినియం వైరును రాగి వైరుతో మెలివేసి కలపొచ్చా?

వద్దు. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో అరిగిపోయేది అల్యూమినియం. తెల్లటి పొడి రాలుతూ, వేడెక్కుతూ ఒకరోజు కాలిపోతుంది. ఒక పక్క అల్యూమినియం, ఇంకో పక్క రాగి ఉండే బైమెటల్ లగ్గులు, కనెక్టర్లు దొరుకుతాయి. అల్యూమినియం చివరను బ్రష్‌తో రుద్ది వెంటనే ఆక్సైడ్ రాకుండా ఆపే పేస్టు పూసి బిగించాలి. రాగి పైన, అల్యూమినియం కింద ఉండేలా అమర్చకండి. రాగి మీదుగా కారే నీరు అల్యూమినియాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది.

## బిగించేటప్పుడు

వైరు డబ్బాలోకి పై నుంచి రావాలా, కింద నుంచా?

ఎప్పుడూ కింద నుంచే. అంతకంటే ముందు వైరును డబ్బా కంటే కిందికి ఒక వంపు దించి మళ్లీ పైకి తిప్పి లోపలికి పంపండి. వైరు మీదుగా జారే వాన నీరు ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది, లోపలికి ఎక్కదు. పైసా ఖర్చు లేని ఈ ఒక్క వంపు చాలా ఖరీదైన సామాను చేయలేని పని చేస్తుంది. గోడలోంచి ఇంట్లోకి వెళ్లే పైపు కూడా బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి.

బయట జాయింటు వెయ్యక తప్పడం లేదు. ఎలా వేస్తే నిలుస్తుంది?

ముందు మెయిన్ తీసి, ఇంట్లో అందరికీ చెప్పి, అక్కడ ఒక కాగితం అంటించండి. వైరు తొడుగు వలిచినప్పుడు లోపలి రాగి నల్లగా ఉంటే ఆ ముక్క పనికిరాదు. సన్నని పోగుల మధ్యగా నీరు దీపపు వత్తిలో నూనెలా చాలా దూరం పాకుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లండి.

చివరలను కటింగ్ ప్లయరుతో నొక్కకుండా, క్రింపింగ్ టూల్‌తో సరైన కొలత స్లీవ్ వేసి నొక్కండి. ఫేజు జాయింటు, న్యూట్రల్ జాయింటు పక్కపక్కనే రాకుండా ఒకటి ముందుకు ఒకటి వెనక్కి ఉండేలా వైర్లు కోయండి. తర్వాత రబ్బరు టేపును లాగి, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం కప్పేలా, జాయింటుకు రెండు పక్కలా వైరు తొడుగు మీద రెండు అంగుళాల దాకా చుట్టండి. నిలువుగా వేలాడే వైరైతే కింద నుంచి పైకి చుట్టాలి. పెంకుటింటి మీద పెంకులు కింద నుంచి పైకి పేర్చినట్టు అన్నమాట. పై నుంచి చుడితే ప్రతి పొర అంచూ నీటిని పట్టే దొన్నె అవుతుంది.

ఇంత చేసినా దాన్ని ఎండలో, వానలో వదిలేయకండి. ఒక డబ్బాలో పెట్టండి. ఎంసీల్ లాంటి గట్టిపడే ముద్దలు వైరు జాయింటు మీద నేను వాడను. గాలికి వైరు ఊగితే ఆ ముద్ద అంచున చీలిక వస్తుంది.

పెరట్లో పైపు పాతి అందులో వైరు వేస్తే నీళ్లు రావు కదా?

వస్తాయి. భూమిలో పాతిన పైపులో ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు చేరతాయని అనుకునే పని చేయాలి. కాబట్టి పైపు లోపల జాయింటు అసలు ఉండకూడదు, వైరు ఒకే ముక్కగా వెళ్లాలి. నేరుగా పాతితే ఆర్మర్డ్ కేబుల్ (లోహపు కవచం ఉన్నది) వాడి, రెండున్నర అడుగుల లోతున ఇసుక పరుపు మీద వేసి, పైన ఇటుకలు పరవాలి. రేపు ఎవరైనా మొక్క కోసం తవ్వితే గునపం ముందు ఇటుకకు తగులుతుంది.

సీసీ కెమెరా వైరు పిన్నులు ఏడాదికే నల్లబడి తెగిపోతున్నాయి. ఎందుకు?

కెమెరాకు వెళ్లేది డీసీ. తడి తగిలిన చోట డీసీ ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది కాబట్టి పాజిటివ్ పిన్ను లోహం నీటిలోకి కరిగిపోతుంది. గిల్టు పూతకు నీళ్లలో పెట్టి కరెంటు ఇచ్చినట్టే. కెమెరాతో వచ్చే ప్లాస్టిక్ గ్లాండ్‌ను చాలామంది పారేస్తారు, దాన్ని తప్పకుండా వాడండి. జాయింటును చిన్న డబ్బాలో నోరు కిందికి ఉండేలా పెట్టండి.

మేడ మీద సోలార్ ప్యానెళ్ల కనెక్టర్లకు నీళ్లు తగిలితే ఫరవాలేదని చెప్పారు. నిజమేనా?

ప్యానెళ్లకు వాడే కనెక్టర్లను ఎంసీ4 అంటారు. సరిగ్గా జత కూడిన ఎంసీ4 కనెక్టరుకు వాన ఫరవాలేదు. నీటి మడుగులో పడి ఉండటం మాత్రం మంచిది కాదు. పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మేడల మీద ప్యానెళ్లు బాగా పెరిగాయి, చాలాచోట్ల కనెక్టర్లు శ్లాబు మీద పడి ఉండటం చూస్తున్నాను. వాటిని ప్యానెల్ వెనక ఫ్రేముకు ఎండకు చెడని టైలతో కట్టించండి. ఒక కంపెనీ మగ కనెక్టరుకు ఇంకో కంపెనీ ఆడ కనెక్టరు కలపొద్దు. చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది, లోపల పట్టు సరిగా ఉండక కాలిపోతుంది.

ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్లలో కరెంటు ఉంటుంది, మీ మెయిన్‌తో దానికి సంబంధం లేదు. నడుస్తుండగా కనెక్టరు ఊడదీస్తే డీసీ నిప్పు ఏసీలా చప్పున ఆరదు. ఈ పని వచ్చినవాళ్లతోనే చేయించండి.

చవితి పందిరికి సీరియల్ లైట్లు కడుతున్నాం. వాన వస్తే ఏం జాగ్రత్త?

వినాయక చవితి వచ్చేది భాద్రపదంలో, వాన ఖాయమనుకోండి. పందిరి ఇనుప పైపులదైతే ఒక్క చిట్లిన వైరు చాలు, పందిరంతా కరెంటు. పందిరి లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టనిదే కరెంటు ఇవ్వొద్దని కమిటీలో గట్టిగా చెప్పండి. వైర్లను పైపుకు నేరుగా చుట్టకుండా మధ్యలో చెక్క ముక్కో ప్లాస్టిక్ పైపు ముక్కో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు నేల మీద, గోనెసంచి కింద పెట్టకండి, నడుము ఎత్తున కట్టండి. పిల్లలు చుట్టూ తిరిగే చోటు అది.

## పొలంలో, తోటలో

స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఏం చేయాలి?

ముట్టుకోవడం ఆపండి. కర్రతో నొక్కడం, చెప్పులున్నాయని ధైర్యం చేయడం వద్దు. తడి కర్ర, తడి చెప్పు కరెంటును ఆపవు. ఏటా వానాకాలంలో ఈ డబ్బాల దగ్గరే రైతుల ప్రాణాలు పోతున్నాయి. ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఎందుకంటే ఎక్కువసార్లు కారణం ఒకటే: వైరు తొడుగు చెడి డబ్బాకు తగలడం, తుప్పు పట్టి ఎర్త్ వైరు ఎప్పుడో ఊడిపోవడం. రెండూ వందల రూపాయల్లో అయ్యే పనులు.

స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కినా డబ్బాలోకి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే మూత తీయాలి. ఆటో స్టార్టర్ ఉంటే ఇంకా జాగ్రత్త, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. వైరు దూరే చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకపోతే పెట్టించండి, రేకు అంచు తొడుగును కోసేస్తుంది. ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి లోహానికి లోహం తగిలేలా బిగించి, బిగించాక పైన గ్రీజు పూయండి. మోటారు లైనుకు నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ (మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి ఆపేది) పెట్టించండి. ఇనుప డబ్బా మార్చే వీలుంటే ఫైబర్‌ది తీసుకుని, ఛాతీ ఎత్తున, పైన చిన్న రేకు నీడతో పెట్టండి. మడిలో నిలబడకుండా కాలు పెట్టడానికి ఎత్తు దిమ్మ కట్టించుకోండి.

బోరులో దింపే కేబుల్ జాయింటు పదే పదే పోతోంది. మెకానిక్ బాగానే చుడుతున్నాడు.

మూడు కోర్లకూ (కేబుల్ లోపలి వైర్లకూ) జాయింట్లు ఒకే చోట పడుతున్నాయేమో చూడండి. ఒక్కొక్కటి రెండు మూడు అంగుళాల తేడాతో రావాలి. కేబుల్ తొడుగు మీద నాచు, జిడ్డు తుడిచి గరుకు కాగితంతో రుద్దకపోతే ఏ టేపూ పట్టదు. చుట్టాక బోరులోకి దించే ముందు ఆ జాయింటును బకెట్ నీళ్లలో గంట నానబెట్టి, కోరుకూ నీటికీ మధ్య మెగ్గర్‌తో (తొడుగులోంచి కరెంటు కారుతోందేమో చూసే మీటరు) చూడమనండి. ఆ గంట ఓపిక పడితే మళ్లీ పైపులన్నీ పైకి లాగే ఖర్చు తప్పుతుంది. కేబుల్ బరువు జాయింటు మీద పడకుండా రెండు పక్కలా పైపుకు కట్టాలి.

స్టార్టర్ డబ్బాలో చీమలు, బల్లులు దూరుతున్నాయి.

చీమలు కాంటాక్టుల మధ్య నలిగి పొరలా ఏర్పడితే మోటారుకు ఒక ఫేజు అందదు, వైండింగ్ కాలుతుంది. వైరు దూరే రంధ్రాలకు గ్లాండ్లు, నీళ్లు పోయే రంధ్రానికి జాలీ పెట్టండి. లోపల కిరోసిన్, పురుగుల మందు కొట్టకండి.

## వానాకాలం మధ్యలో

వాన పడినప్పుడే ఆర్‌సీసీబీ పడుతోంది. తీసేద్దామా?

తీయొద్దు. అది చెడిపోలేదు, తన పని తాను చేస్తోంది. ఎక్కడో తడి దారి ఏర్పడిందని చెబుతోంది. దాని కింద ఉన్న ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటి ఎత్తుకుంటూ రండి. ఏది ఎత్తితే పడుతుందో ఆ లైనులో తప్పుంది. చాలావరకు గేటు లైటో, మేడ మీది ప్లగ్గో, మోటారో అవుతుంది. ఆ ఒక్క లైను దించి ఉంచితే ఇల్లంతా చీకట్లో ఉండక్కర్లేదు.

ఎంసీబీలన్నీ దించినా పడుతుంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోందన్నమాట. ఒక పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను విడదీయదు కదా. అప్పుడు ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో లైను లైనుగా చూడాలి. కనీసం 1 మెగాఓం రావాలి. చూసే ముందు ఎలక్ట్రానిక్ సామాను విడదీయడం మరిచిపోవద్దు.

దండెం తీగ ముట్టుకుంటే జివ్వుమంటోంది. తడి బట్టల వల్లేనా?

కాదు, ఆ తీగలో కరెంటు ఉంది. ఇంట్లో అందరినీ దూరంగా ఉంచి, వెంటనే మెయిన్ దించండి. అయినా తీగలో కరెంటు ఉండొచ్చు. ఎందుకంటే సర్వీసు వైరుకు ఆసరాగా కట్టే ఇనుప తీగ నుంచి అది వస్తుంటే మీ మెయిన్ దాన్ని ఆపలేదు. 1912కు ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇనుప తీగ దండెం వద్దే వద్దు. నైలాన్ తాడు కట్టండి, అదీ సర్వీసు వైరుకు, రేకులకు దూరంగా.

చిలుము పట్టిన స్క్రూలను చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమొచ్చా?

బిందెకు మంచిదే, ఎందుకంటే తర్వాత బాగా కడుగుతాం. టెర్మినల్‌ను అలా కడగలేం. సందుల్లో మిగిలిన పులుపు మళ్లీ లోహాన్ని తింటుంది. కరెంటు తీసి, పొడి బ్రష్‌తో, గరుకు కాగితంతో రుద్దండి. గుంటలు పడి ఉంటే మార్చేయండి.

వ్యాజిలిన్, గ్రీజు, స్ప్రే పూస్తే ఉపయోగమా?

బిగించాక పైన పూస్తే గాలి, తేమ తగలకుండా ఉపయోగమే. సిలికాన్ గ్రీజు వేడికి కారదు కాబట్టి మేలు. తుప్పు వదిలించే స్ప్రేలు నీటిని తోస్తాయి కానీ వాటి పొర ఎక్కువ కాలం నిలవదు. డబ్బాలో పెట్టే సిలికా జెల్ పొట్లం కూడా త్వరగా తేమ నిండి పనికిరాకుండా పోతుంది.

ప్లగ్గు పాయింటుకు పాలిథిన్ కవరు కట్టాం. చాలదా?

ఒక్క రాత్రికి సరే. రోజుల తరబడి కట్టి ఉంచితే లోపల చెమటలు పడతాయి. కట్టాల్సి వస్తే కింది వైపు తెరిచి ఉంచండి. మూత ఉన్న వెదర్‌ప్రూఫ్ ప్లగ్గు బాక్సు పెట్టించుకోండి.

ఎన్నాళ్లకోసారి తనిఖీ చేయాలి?

మృగశిర కార్తెకు ముందు ఒకసారి అందరూ. కోస్తా వాళ్లు తుఫానుల కాలం అయ్యాక, సంక్రాంతి లోపు ఇంకోసారి. మెయిన్ తీసి మూతలు తెరవండి, అడుగు రంధ్రంలో మట్టి తీయండి, స్క్రూలు బిగించండి, మూత రబ్బరు గట్టిపడితే మార్చండి.

## తుఫాను, వరద తర్వాత

తుఫాను వెలిసింది, ఎండ కాస్తోంది. మెయిన్ వేసేయొచ్చా?

ముందు చుట్టూ చూడండి. తెగిన వైర్లు, వంగిన పైపులు, నీళ్లు నిలిచిన డబ్బాలు ఉంటే వద్దు. అన్నీ బాగుంటే ఎంసీబీలన్నీ దించి మెయిన్ వేసి, లోపలి లైన్లు మొదట, బయటివి చివర ఒక్కొక్కటి ఎత్తండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడులా బలమైన గాలి ఉప్పునీటిని నిలువునా గోడలకు కొడుతుంది. ఆ ఉప్పు డబ్బాల మీద, ఇన్సులేటర్ల మీద ఉండిపోతుంది. అందుకే మెయిన్ వేయకముందే, మూతలు బిగించే ఉంచి, బయటి నుంచి మంచినీళ్లతో తడిపిన బట్టతో తుడిచి ఆరనివ్వండి.

స్విచ్‌బోర్డుల దాకా నీళ్లు వచ్చాయి. ఆరబెట్టి వాడుకోవచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు ఎంతోమంది అడిగిన ప్రశ్న ఇదే. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, స్విచ్చులు, ప్లగ్గులు ఆరబెట్టినా వాడొద్దు. బురద నీటిలోని మట్టి వాటి లోపలి స్ప్రింగుల్లో, కాంటాక్టుల్లో ఉండిపోతుంది. పడాల్సిన రోజు ఎంసీబీ పడదు. డబ్బాలు, పైపులు కడిగి వాడుకోవచ్చు. గోడల్లోని వైర్లు చివరలు కోసి చూసి రాగి మెరుస్తుంటే, మెగ్గర్ పరీక్షలో నిలిస్తే ఉంచుకోవచ్చు. మోటారును వైండింగ్ చేసేవాళ్ల దగ్గర బేరింగులు విప్పించి, వేడికి ఆరబెట్టించి, పరీక్ష చేయించాకే బిగించండి. మీటరు మునిగితే కరెంటు సంస్థకు చెప్పి మార్పించుకోండి, మీరు మూత తీయకండి. మేడ మీద సోలార్ ఉంటే కింద ఇన్వర్టరు మునిగినా పగటిపూట పైనుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది, ఆ గదిలో నీటిలోకి దిగొద్దు.